మూడోనాటి ఉప్పు

పెళ్లికి పిలవరు. పేరంటానికి పిలవరు. కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు అసలే పిలవరు. పొద్దున్నే బండి తీసి బయల్దేరుతుంటే ఎదురొచ్చిందని బండి ఆపి, లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చిన మహానుభావులు కూడా మా దగ్గర ఉన్నారు. కానీ చలి ముదిరి చింతకాయ దోరపడే రోజుల్లో మాత్రం పానగల్‌లో ఆ పెద్దమ్మ ఇంటి ముందు ఆడవాళ్లు పోటీలు పడేవాళ్లు. "రేపు మా ఇంటికి రా పెద్దమ్మా" అని ఒకరు, "ఎల్లుండి మాకు. ముందుగాల నేనే చెప్పిన, మళ్ల మర్సిపోకు" అని ఇంకొకరు. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట భర్త పోయిన మనిషి. ఊరు ఆమెను ఏడాదిలో పిలిచేది ఆ పదిహేను ఇరవై రోజులే. అదీ చింతకాయ తొక్కులో ఉప్పు వెయ్యడానికి.

తొక్కు ఎవరైనా దంచుతారు. ఉప్పు మాత్రం ఆమె చెయ్యే వెయ్యాలి. ఆమె వేస్తే జాడీలో తొక్కు ఏడాది తిరిగినా చెక్కుచెదరదని అందరి నమ్మకం. కొలవడానికి సోలా లేదు, గిద్దా లేదు. దొడ్డుప్పు పిడికిట్లోకి తీసుకుని, పక్కనున్న వాళ్ల కోడళ్ల ముచ్చట్లు అడుగుతూనే చల్లేది. ఒక్కోసారి రోట్లోకి చూసేది కూడా కాదు. పని అయ్యాక అన్నం పెట్టి, గిన్నెడు తొక్కు చేతికిచ్చి పంపేవాళ్లు. ఆ గిన్నె కొంగు కింద దాచుకుని నడిచేది కాదు, అందరికీ కనపడేలా పట్టుకుని వీధి మధ్యలో నడిచేది.

ఆ పిలుపు పోయింది నా వల్ల. అదీ ఆమె పేరు నిలబెడుతున్నానని అనుకుంటూ చేసిన పని వల్ల. ఇది రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో, ఎన్నిసార్లు లేచానో లెక్క లేదు. ఇవాళ లేవను.

మాది కేతేపల్లి. అమ్మా బాపూ కూలికి పోయిన మనుషులు. మా ఇంట్లో జాడీ అన్నదే లేదు. రెండు పచ్చిమిరపకాయలు, ఇంత ఉప్పు, ఉంటే చింతపండు, లేకపోతే ఎవరి చేనులోనో కోసుకొచ్చిన పుంటికూర. రాయి మీద నూరితే ఆ పూటకు అదే తొక్కు. ఏడాది తొక్కు పెట్టుకోవాలంటే ఏడాదికి సరిపడా ఉప్పూ నూనే ఒక్కసారి కొనగలగాలి. వాన కారని మూల ఒకటి ఇంట్లో ఉండాలి. మాకు రెండూ లేవు. నేను చదువుకుని, నల్లగొండలో చిన్న ఉద్యోగం తెచ్చుకుని, పానగల్ రోడ్డు మీద కాలనీలో కాపురం పెట్టాకే జాడీ ఉన్న ఇంటి మనిషినయ్యాను. ఆ జాడీ కూడా మా అత్తమ్మది.

ఆఫీసులో ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మేడం ఒకామె ఉండేది. నేను డబ్బా విప్పి "తొక్కు" అన్నప్పుడల్లా నవ్వేది. "పచ్చడి అనొచ్చుగా, తొక్కు ఏమిటండీ పాపం" అనేది. చెడ్డ మనిషి కాదు, నా డబ్బాలో సగం ఆమే తినేది కూడా. కానీ ఆ "పాపం" నాకు మండేది. రాష్ట్రం వచ్చాక మా మాటకూ మా కూటికీ ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. పచ్చిపులుసు, సర్వపిండి, సజ్జరొట్టె అని ఫోన్లలో ఎవరెవరో గర్వంగా వీడియోలు పెడుతున్నారు. నేనూ ఒక పేజీ మొదలుపెట్టాను. నేను పెట్టినవన్నీ ఎవరో ఒకరి దగ్గర నేర్చుకున్నవే. పేజీ పైన మాత్రం "మా ఇంటి వంట" అని రాసుకున్నాను. ఇంట్లో వంట లేని దానికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో, జాడీలున్న ఇళ్లలో పుట్టినవాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు.

ఆ ఏడు మా అత్తమ్మ ఎప్పటిలాగే పెద్దమ్మను పిలిచింది. ఆదివారం పొద్దున వచ్చింది. ఐదు కిలోల కాయ కడిగి, ఆరబెట్టి, ఈనెలు తీసి సిద్ధంగా ఉంచాం. నేను ఫోను స్టాండుకు బిగించాను. పెద్దమ్మ దాన్ని అనుమానంగా చూసింది.

"గిదేంది బిడ్డా?"

"వీడియో పెద్దమ్మా. తొక్కు ఎట్ల పెడ్తరో అందరు చూస్తరు."

"నా మొకం పెట్టకు బిడ్డా. పొద్దుగాల పొద్దుగాల నా మొకం చూసి తిట్టుకుంటరు."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. "మొకం రాదు పెద్దమ్మా, చేతులే" అన్నాను. మణికట్టు దాకా పచ్చబొట్లున్న ఆ చేతులు రోకలి పట్టుకుంటే ఫోనులో ఎంత బాగా కనిపించాయో! నాకు లోపల గంతులేయాలనిపించింది.

పసుపు వేసి దంచడం అయింది. ఉప్పు వంతు వచ్చింది. ఆమె డబ్బాలో చెయ్యి పెట్టబోతుంటే నేను ఆపాను.

"రోట్ల వద్దు పెద్దమ్మా. ముందుగాల గీ పళ్లెంల పొయ్యి. మంచిగ కనపడ్తది."

"రోట్లకు పోయేది పళ్లెంలకెందుకు?"

"జర పొయ్యి పెద్దమ్మా. వీడియోల అందంగ ఉంటది."

ఆమె పాపం పళ్లెంలో వేసింది. ఒక పిడికిలి, ఇంకో పిడికిలి, అలా ఏడెనిమిది, చివర వేళ్ల సందుల్లోంచి కొంచెం. "గింత సాలు ఇయ్యాళకు" అంది. నేను పళ్లెం తీసుకుని, వెలుతురు సరిగ్గా లేదని ఏదో వంక చెప్పి వంటింట్లోకి పోయాను. అక్కడ చిన్న కాంటా ముందే పెట్టి ఉంచాను. ఆరు వందల యాభై గ్రాములు. కిలోకు నూట ముప్పై. ఆ అంకె అరచేతి మీద పెన్నుతో రాసుకుని, పళ్లెం తెచ్చి ఆమె చేతికిచ్చాను. ముప్పై ఏళ్లుగా పానగల్‌లో ఎవరికీ అందనిది రెండు నిమిషాల్లో నా అరచేతిలోకి వచ్చిందనుకున్నాను.

"ఇయ్యాళకు" అన్న మాట నా చెవిన పడింది. పడిన మాట బుర్రలోకి పోలేదు.

దంచిన తొక్కును జాడీలోకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టి పక్కన పెట్టడం, మూడోనాడు తీసి మళ్లీ దంచడం మా దగ్గర పద్ధతి. మూడోనాడు మంగళవారం అయింది. నేను ఆఫీసుకు పోయాను. పెద్దమ్మ వచ్చి, అత్తమ్మతో కలిసి రెండో దంపు చేసి పోయింది. తర్వాతి ఆదివారం నేను జాడీ మూత తీసి, గరిటెతో పైన కొంచెం కలిపి, "మూడో రోజు ఇలా మళ్లీ దంచి పెట్టుకుంటే సరి" అని గొంతు పెట్టి వీడియో ముగించాను. పేరు "మా ఇంటి చింతకాయ తొక్కు, పక్కా కొలతలతో".

అది నేను అనుకోనంతగా తిరిగింది. ఎక్కడెక్కడి వాళ్లో చూశారు. దుబాయిలో ఉన్న పాలమూరు వాళ్లు కళ్లనీళ్లొచ్చాయని రాశారు. మా ఆఫీసు మేడం కూడా చూసి, "తొక్కు అద్భుతం అండీ" అంది. ఆ రోజు ఆమె నోట తొక్కు అనే మాట విని నేను లోలోపల ఎంత పొంగానో చెప్పలేను. ఒకమ్మాయి అడిగింది, ఆ పచ్చబొట్ల చేతులు ఎవరివి అక్కా అని. కాసేపు ఆలోచించి "మా ఇంటి పెద్దవాళ్లవి" అని జవాబు రాశాను. రాశాక పేజీ మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ చదువుకుని, పోనీలే అనుకున్నాను.

వారం పది రోజులకు హైదరాబాద్ వైపు నుంచి ఎవరిదో పేజీలో వీడియో కనపడింది. "మా అమ్మమ్మ చేతి చింతకాయ తొక్కు". చూస్తుంటే నా ఒళ్లు మండిపోయింది. నా మాటలే. నా వరసే. చివరికి కిలోకు నూట ముప్పై గ్రాముల ఉప్పు! వెంటనే రాశాను, ఇది నా పేజీలోంచి ఎత్తుకున్నారు, నా పేరు పెట్టండి అని. వాళ్లు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, "వంటలు అందరివీ మేడం" అని జవాబిచ్చారు. నేను ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బోరు మోటార్లు రిపేరు చేసే మా ఆయన అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. ఫోను ఆయన మొహం ముందు పెట్టాను.

"చూడు, ఎంత సిగ్గులేని మనుషులో! నూట ముప్పై అట! గా అంకె ఏడికెల్లి వచ్చింది వాళ్లకు? అది నాది!"

ఆయన తాపీగా తుడుచుకుంటూ చూశాడు.

"నీదెట్లయితదే? నువ్వు పెద్దమ్మ చేతులకెల్లి తెచ్చినవ్, వాళ్లు నీ చేతులకెల్లి తెచ్చిండ్రు. దొంగే దొంగ దొంగ అని ఒర్లినట్టున్నది నీ కథ."

"నేను కాంటా పెట్టి జోకిన!"

"జోకితే నీదైతదా? గట్లైతె కిరాణా దుకాణపాయనదే లోకమంత."

నవ్వుకుంటూ అన్నానికి కూర్చున్నాడు. నేను వడ్డించలేదు, ఆయనే పెట్టుకున్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం కోపం కాదు. ఆయన అన్నది నిజమని తెలిసిపోయి, ఎక్కడ ఒప్పుకోవాల్సి వస్తుందోనని. నిజం తెలిశాక నాకు ఎక్కువసేపు కుదురుగా ఉండటం చేతకాదు. ఏదో ఒకటి చేసి చేతులు దులుపుకోవాలి. మూడోరోజు ఆఫీసులో మధ్యాహ్నం అన్నం మానేసి, వీడియో కింద పెద్దమ్మ పేరు, ఇంటిపేరు, ఊరు పేరుతో సహా రాశాను. ఈ తొక్కు ఆమెదే, ఆ చేతులు ఆమెవే, నేను చూసి నేర్చుకున్నదాన్ని మాత్రమే అని. చివర్లో ఇంకా గట్టిగా ఉండాలని ఒక వాక్యం చేర్చాను: "కొలతలన్నీ ఆమెవే."

ఆ రెండు మాటలు! ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె జన్మలో ఒక్క కొలత చెప్పి ఎరగదు.

కానీ ఆ రోజు మాత్రం ఎంత హాయిగా ఉందో. జనం మెచ్చుకున్నారు. ఎంత నిజాయితీ అక్కా, మీలా ఎవరుంటారు అని రాశారు. ఆ మెప్పుతో ఊరుకోబుద్ధి కాక పానగల్ పోయి పెద్దమ్మకు చెప్పాను. ఆమె గడప మీద కూర్చుని అనుములు ఒలుస్తోంది.

"నీ పేరు పెట్టిన పెద్దమ్మా. ఫోన్ల."

"పేరు పెడ్తె ఏమైతది బిడ్డా?"

"నలుగురికి ఎరుకైతది."

"ఎరుకున్నోళ్లకు ఎరుకనే గదా."

ఆమె ఇంకో గుప్పెడు అనుములు ఒళ్లోకి తీసుకుంది. "నేనైన ఏడ నేర్సిన? ఆత్మకూరుకెల్లి గీడికి వచ్చిన్నాడు నాకు జొన్నగటక కిండుడు తప్ప ఇంకో వంట రాకపోయె. మా అత్త తిట్టి తిట్టి నేర్పింది. మా అత్త పేరు గూడ పెడ్తవా మరి?" అని నవ్వింది. పెడతానన్నాను. పెట్టలేదు. ఆ అత్తకు ఎవరు నేర్పారో, వాళ్లకు ఎవరు నేర్పారో, ఇలా పోతే ఎక్కడ ఆగాలో తెలియలేదని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. నిజం ఏమిటంటే బద్ధకం. నాకు కావలసిన మెప్పు అప్పటికే వచ్చేసింది.

ఎండలు మొదలయ్యేసరికి మొదటి కబురు వచ్చింది. "అక్కా, మీ కొలత ప్రకారమే పెట్టినం, బూజు పట్టింది." జాడీ తడిగా ఉందేమో చూసుకోండి అని రాశాను. రెండోది వచ్చింది. మూడోది. తర్వాత రోజూ వచ్చాయి. పది కిలోలు పెట్టి పారబోశాం అని ఒకరు. తెల్లగా బూజు పట్టిన జాడీ ఫొటో పెట్టారు ఇంకొకరు. నేను ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెబుతూ వచ్చాను. కాయ ఆరలేదు, గరిటె తడి, మూత బిగించలేదు. కానీ మా జాడీలో తొక్కు బంగారంలా ఉంది. అదే నన్ను నిలవనీయలేదు. పొద్దున లేస్తే జాడీ మూత తీసి చూడటం, ఫోను తెరిచి చూడటం, మళ్లీ జాడీ. ఆఖరికి మా అత్తమ్మనే అడిగాను.

"అత్తమ్మా, అందరిది కరాబైతాంది, మనది గిట్ల మంచిగెట్లున్నది?"

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఉప్పు సరిపోకుంటె కరాబే గదనే."

"పెద్దమ్మ ఏసినంతనే చెప్పిన గదా!"

"మూడోనాడు ఏసింది గూడ చెప్పినవా?"

చేతిలో ఫోను పక్కన పెట్టాను.

"మూడోనాడా? ఎప్పుడు?"

"గదే, అప్పటి మంగళారం. నువ్వు ఆఫీసుకు పోయినవ్. మల్ల దంచి, నాలిక మీద ఏసుకుని చూసి, ఇంక నాలుగైదు పిడికిళ్లు ఏసింది. ఏటేట ఏస్తది గదా. కాయ ఊరితె నీరెంత ఇడుస్తదో చూసి, మూడోనాడు ఏసే ఉప్పే అసలుది అంటది. నీకెరుక లేదా?"

నాకు ఎరుక లేదు. ఏ ఏడూ మూడోనాడు నేను ఇంట్లో లేను. ఆ వీడియో చూసిన వేలమందికి సగం ఉప్పు చెప్పాను. సగం ఉప్పు చెప్పి, కింద ఆమె పేరు రాసి, కొలతలన్నీ ఆమెవే అని సంతకం చేసినట్టు చేశాను. అత్తమ్మ పిలుస్తున్నా వినిపించుకోకుండా బయటికి పోయి, గేటు దాకా నడిచి, మళ్లీ లోపలికి వచ్చి, మళ్లీ బయటికి పోయాను.

అప్పుడు చేయాల్సింది ఏమిటో చిన్నపిల్లకైనా తెలుసు. తప్పు నాది అని గట్టిగా చెప్పాలి. నేనేం చేశానంటే, వీడియో కింద ఎవరికీ కనపడని చోట ఒక ముక్క చేర్చాను: "మూడో రోజు రుచి చూసి ఇంకొంచెం ఉప్పు వేసుకోవాలి." అంతే. పేజీకి మచ్చ పడుతుందని భయం. ఆఫీసు మేడం ఏమనుకుంటుందోనని భయం. హైదరాబాద్ పేజీ వాళ్లు మాత్రం ఒక్క పూటలో వీడియో తీసేసి, మర్నాడు జొన్నరొట్టె పెట్టుకున్నారు. వాళ్ల అమ్మమ్మకు పేరూ లేదు, ఊరూ లేదు. ఆమెను ఎవరేమంటారు? పేరున్నది మా పెద్దమ్మకే. నేనే పెట్టాను.

పానగల్‌లోనూ మా కాలనీలోనూ ఆ ఏడు కాయ కాలం చివర్లో కొందరు పెద్దమ్మను పిలవకుండా వీడియో చూసే పెట్టుకున్నారట. పిలిస్తే పూటంతా కూర్చోబెట్టి మర్యాద చెయ్యాలి, ఫోన్లో ఆమె కొలతే ఉంది కదా అనుకున్నారు. వాళ్ల జాడీలన్నీ పోయాయి. నీళ్ల ట్యాంకరు దగ్గర నా చెవులారా విన్నాను. ఒకామె "ముసల్దైంది, చెయ్యి పోయింది" అంది. ఇంకొకామె ఇంకా దారుణం: "పోలేదు ఏం లేదు. కావాల్నని తక్కువ చెప్పింది. మనకు మంచిగ కుదిరితె ఇంక తననెవరు పిలుస్తరని." నేను బిందె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నోరు తెరిచి అది నేను చేసిన తప్పమ్మా అంటే అయిపోయేది. నా బిందె నిండింది. తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది. అయినా మర్నాడు ఉలవచారు వీడియో పెట్టాను.

మళ్లీ చలి వచ్చింది. మళ్లీ కాయ దోరపడింది. ఒకరోజు అత్తమ్మ పానగల్ పోయి వచ్చి, చెప్పులు విడుస్తూనే అంది: "ఈ ఏడు మీ పెద్దమ్మను ఒక్కలు పిలువలేదట. పొద్దున లేసి, తానం జేసి, దర్వాజ దగ్గర కూసుంటాంది. ఎవరన్న వస్తరేమోనని."

ఇంక ఒక్క నిమిషం ఆగలేదు. ఆఫీసుకు సెలవు కూడా చెప్పకుండా మా ఆయన బండి తీసుకుని పోయాను. ఆమె అక్కడే ఉంది, ఉతికిన చీర కట్టుకుని. నన్ను చూసి మొహం వెలిగింది. పిలవడానికి వచ్చాననుకుంది.

"రా బిడ్డా, కూసో. కాయ తెచ్చిండ్రా మీరు?"

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. పళ్లెం సంగతి, కాంటా సంగతి, అరచేతి మీద అంకె, మూడోనాడు నేను లేకపోవడం, తెలిశాక కూడా నెలల తరబడి నోరు మూసుకోవడం. ఏడుపు వస్తోంది, ఏడ్చే హక్కు నాకు లేదని ఆపుకుంటున్నాను. తిడుతుందనుకున్నాను. శాపనార్థాలు పెట్టినా పడదామనుకున్నాను. ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది.

"నా చెయ్యి పోయిందంటాండ్రు బిడ్డా. నేను గూడ పోయిందేమో అనుకున్న."

"పోలే పెద్దమ్మా. తప్పు నాది."

"అడుగుతె ఇయ్యనా? మూడోనాడు గూడ ఏస్తనని చెప్పకపోదునా?" గొంతు మొదటిసారి గట్టిగా లేచింది. "దొంగతనం చేస్తె చేసినవ్, నీ ఇంటిదే అని చెప్పుకుంటె చెప్పుకున్నవ్. నా పేరెందుకు పెట్టినవ్ బిడ్డా?"

మంచిదనుకుని పెట్టాను అనబోయి ఆగాను. మంచిదనుకుని పెట్టలేదు. మా ఆయన మాట కడిగేసుకోవడానికి పెట్టాను. నా దొంగతనం నాకు బరువై, దాని మీద ఆమె పేరు రాసి దించుకున్నాను. అది ఆమెకు ఎలా చెప్పను?

ఆ సాయంత్రమే ఫోను ముందు కూర్చుని, నా మొహం చూపిస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పి పెట్టాను. తొక్కు వీడియో చూసినవాళ్లలో పిడికెడు మంది కూడా అది చూడలేదు. బూజు ఫొటోలు పెట్టినవాళ్లు ఒక్కరూ రాలేదు. దాంతో లాభం లేదని ఇల్లిల్లూ తిరిగాను. పానగల్‌లో ఏడిళ్లు, మా కాలనీలో నాలుగు. అందరూ కూర్చోబెట్టి చాయ ఇచ్చారు, "అయ్యో గట్లనా" అన్నారు. ట్యాంకరు దగ్గర మాట్లాడిన ఆమె మాత్రం నన్ను సాగనంపుతూ అంది, "నువ్వు మంచిదానివి గాబట్టి నీ మీదేసుకుంటానవ్ గని, ముసల్ది మర్సిపోయే ఉంటది." ఎంత చెప్పినా నా మంచితనం పెరుగుతోంది తప్ప ఆమె చెయ్యి తిరిగి రావడం లేదు. ఆ పదకొండిళ్లలో ఒక్క ఇల్లు కూడా ఆ ఏడు ఆమెను పిలవలేదు.

మేము పిలిచాం. అత్తమ్మ స్వయంగా పోయి తీసుకొచ్చింది. ఫోను ఇంకో గదిలో పెట్టి తలుపేశాను. కాయ దంచడం అయింది, పసుపు వేశాం. పెద్దమ్మ ఎప్పటి జాగాలోనే కూర్చుంది. అత్తమ్మ ఊళ్లో ముచ్చట ఏదో ఎత్తింది, ఆమె ఊఁ కూడా కొట్టలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి ఉప్పు తీసింది. రోట్లోకి చూసింది. సగం వేసి ఆగింది. మళ్లీ కొంచెం వేసి ఆగింది. అప్పుడు తల ఎత్తి నా వైపు చూసింది. నా వైపే, నలభై ఏళ్లుగా జాడీ పెడుతున్న మా అత్తమ్మ వైపు కాదు.

"సాలునా బిడ్డా?"

ముప్పై ఏళ్లలో ఆ మాట ఆమె ఎవరినీ అడిగి ఉండదు. నాకు ఉప్పు గురించి ఏమీ తెలియదు. నాకు తెలిసింది ఒక్క తప్పుడు అంకె. తెలియదు పెద్దమ్మా, నీకే తెలుసు అనాలి. కానీ ఆమె కళ్లలో ఎంత బెదురుందంటే, ఇంకొక్క క్షణం ఆగితే పిడికిట్లో ఉప్పు రోట్లోనే వదిలేసి లేచిపోతుందేమో అనిపించింది.

"సాలు పెద్దమ్మా" అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. పిడికిట్లో మిగిలిన ఉప్పును తిరిగి డబ్బాలో పోసేసింది.